నవారు మంచం నుంచి పల్లెవెలుగు మెట్టు దాకా: 72 ఏళ్ళ పెద్దమ్మ కేస్ స్టడీ

2024 ఆగస్టు మొదటి వారం. హనుమకొండలో ఒక పాత డాబా ఇల్లు. ఫోన్ చేసింది కొడుకు. ఆయన చెప్పింది ఇంతే: "మా అమ్మకు మోకాళ్ళు అరిగిపోయినయి మేడమ్, ఎక్స్‌రేల కూడా వచ్చింది, మసాజో కరెంటు ట్రీట్‌మెంటో ఏమన్నా పెడితే నొప్పి తగ్గుతదేమో చూడండి." నాలాంటి ఫిజియోథెరపిస్టులకి ఇలాంటి ఫోన్లు వారానికి నాలుగైదు వస్తాయి. కాబట్టి ఐఎఫ్‌టీ మిషన్, అంటే నొప్పికి కరెంటు పెట్టే మిషన్, బ్యాగులో పెట్టుకునే వెళ్ళాను. ఆ ఇంట్లో ఆ మిషన్ బయటికి తీసింది మొత్తం మీద రెండుసార్లేమో. (ఇంట్లోవాళ్ళని అడిగి, వాళ్ళు సరేనన్నాకే ఇది రాస్తున్నాను. మనిషిని గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.)

నేను వెళ్ళేసరికి పెద్దమ్మ నవారు మంచం మీద కూర్చుని ఉంది. నవారు వదులైపోయి మంచం మధ్యలో గుంట పడింది, ఆ గుంటలో కూర్చుంటే మోకాళ్ళు నడుముకంటే పైకి వస్తాయి. నన్ను చూసి లేవబోయింది. కోడలు వెంటనే చెయ్యి అందించబోతే, "వద్దమ్మా, ఒక్కసారి ఆగు, ఎలా లేస్తుందో చూడనీ" అన్నాను. ముందు మంచం అంచుకి జరిగింది. రెండు చేతులూ తొడల మీద పెట్టి ముందుకి ఊగింది, లేవలేదు. మళ్ళీ ఊగింది. మూడోసారి ఎడమ చెయ్యి మంచం పట్టె మీదికి, కుడి చెయ్యి పక్కనున్న కిటికీ ఊచ మీదికి పోయాయి. నాలుగోసారికి లేచింది, లేచాక కూడా వెంటనే అడుగు వెయ్యలేదు, ఊచ పట్టుకుని కళ్ళు మూసుకుని ఓ పది సెకన్లు అలాగే నిలబడింది. "ఏం జేస్తం బిడ్డా, కాళ్ళల్ల సత్తువ లేదు."

ఎక్స్‌రే కవరు చేతిలో ఉండగానే నాకు కేసు సగం అక్కడే అర్థమైంది. మిగతా సగం, అంటే ఆ కళ్ళు మూసుకున్న పది సెకన్ల సంగతి, ఇంకో అరగంటకి గానీ తట్టలేదు.

హిస్టరీ

వయసు 72, బరువు 54 కిలోలు, ఎత్తు 151 సెంటీమీటర్లు. ఏడాది కింద 58 ఉండేదట, తగ్గిన నాలుగు కిలోల్నీ ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు, "షుగర్ కదా, సన్నబడితే మంచిదే" అనుకున్నారు. షుగర్ 11 ఏళ్ళుగా ఉంది, బీపీ ఉంది. ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, రెండో కంటికి కావాలి. రెండు మోకాళ్ళలోనూ అరుగుదల నిజంగానే ఉంది, కుడివైపు కొంచెం ఎక్కువ.

జూన్‌లో రాత్రిపూట బాత్రూమ్‌కి వెళ్తూ గడప దగ్గర పడింది. ఎముకలేవీ విరగలేదు. కానీ మూడు వారాలు "రెస్ట్" పెట్టించారు. భోజనం, టీ, మందులు అన్నీ మంచం దగ్గరికే. ఆ మూడు వారాల తర్వాత లేచిన మనిషి, పడకముందు ఉన్న మనిషి కాదు. అంతకుముందు ఆమె నెలకోసారి ఒంటరిగా బస్సెక్కి జనగామ వైపు ఊళ్ళో ఉన్న చెల్లెలింటికి వెళ్ళొచ్చేది. 2023 డిసెంబర్‌లో ఆడవాళ్ళకి బస్సు ఫ్రీ అయ్యాక నెలకి రెండుసార్లు కూడా వెళ్ళిందట. ఆధార్ కార్డు, నాలుగైదు జీరో టికెట్లు ఇంకా పర్సులో మడతపెట్టి ఉన్నాయి, అడక్కుండానే తీసి చూపించింది. ఏం కావాలి పెద్దమ్మా అని అడిగితే నొప్పి తగ్గాలని చెప్పలేదు. "మా చెల్లెను చూసిరావాలె" అంది. నా నోట్‌బుక్‌లో గోల్ అని రాసి దాని ఎదురుగా రాసుకున్నది అదే.

కాళ్ళలో బలం లేదు అని ఎవరొచ్చినా ముందు తేల్చుకోవాల్సినవి కొన్ని ఉంటాయి. ఒకవైపే బలహీనతా, మాట తడబడుతోందా, మూత్రం మీద అదుపు తప్పిందా, నడిస్తే పిక్కలు పట్టేసి ఆగితే తగ్గుతున్నాయా, పాదాల్లో నాడి అందట్లేదా, ఇవన్నీ చూశాను. ఏవీ లేవు. బొటనవేళ్ళ దగ్గర మాత్రం 10 గ్రాముల మోనోఫిలమెంట్ (స్పర్శ చూసే సన్నని నైలాన్ పోగు) పెడితే తెలియట్లేదు, షుగర్ వల్ల స్పర్శ తగ్గుతోంది. కాళ్ళకి వేసుకున్న హవాయి చెప్పులు మడమ దగ్గర కాగితంలా అరిగిపోయి ఉన్నాయి.

టెస్టుల్లో ఏం వచ్చింది

చేత్తో నొక్కి చూస్తే తొడ ముందు కండరం 5కి 4 వచ్చింది. ఈ 4 అనేది చాలా మోసం, నా విద్యార్థులకి కూడా ఇదే చెప్తాను. తొడ కండరం ఒంట్లోకెల్లా పెద్ద కండరాల్లో ఒకటి, నా చెయ్యి దానికి సరైన పోటీయే కాదు. ఆ మనిషి శరీరాన్నే బరువుగా పెట్టి చూస్తే తప్ప నిజం బయటపడదు.

అందుకే కుర్చీ టెస్ట్. 17 అంగుళాల ఎత్తున్న గట్టి కుర్చీ గోడకి ఆనించి, చేతులు ఛాతీ మీద కట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచి కూర్చుంటారో లెక్కపెట్టాలి. 70 నుంచి 74 ఏళ్ళ ఆడవాళ్ళకి 10 కంటే తక్కువ వస్తే సగటుకి తక్కువ అని లెక్క, పడిపోయే ప్రమాదం ఎక్కువ అని అర్థం. చేతులు వాడితే స్కోరు సున్నా. పెద్దమ్మకి వచ్చింది ఆ సున్నాయే. చేతులు పెట్టుకోనిస్తే 5.

లేచి, మూడు మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోవడానికి 21 సెకన్లు పట్టింది, 12 దాటితేనే జాగ్రత్త పడాలి. నాలుగు మీటర్ల నడక వేగం సెకనుకి 0.55 మీటర్లు. ఒక పాదం ముందు ఇంకో పాదం మడమకి వేలు తగిలేలా పెట్టి నిలబడమంటే 3 సెకన్లకే చెయ్యి గోడ మీదికి పోయింది. చేతి పట్టు 14 కిలోలు, ఆసియా దేశాల నిపుణులు 2019లో పెట్టిన లెక్క ప్రకారం ఆడవాళ్ళకి 18 కంటే తగ్గకూడదు. పిక్క చుట్టుకొలత 29.5 సెంటీమీటర్లు, అదే లెక్కలో 33 కంటే తక్కువుంటే అనుమానించాలి.

ఇవన్నీ కలిపి చూస్తే సార్కోపీనియా అనే అనుమానం గట్టిపడుతుంది. వయసుతో కండ కరిగిపోవడానికి ఈ పేరు పెట్టింది ఇర్విన్ రోసెన్‌బర్గ్ అనే అమెరికన్ డాక్టరు, 1989లో. జబ్బుల జాబితాలో దీనికంటూ సొంత కోడ్ వచ్చింది 2016లో. పూర్తిగా నిర్ధారించాలంటే కండ ఎంతుందో డెక్సా స్కాన్‌తోనో, ఇంకో పద్ధతిలోనో కొలవాలి. ఆ స్కాన్ రాయలేదు నేను. చేయాల్సిన పని ఎలాగూ మారదు.

ఇక ఆ పది సెకన్లు. పడుకోబెట్టి బీపీ చూస్తే 138/80. నిలబెట్టి ఒక నిమిషానికి చూస్తే 114/72. నిలబడిన మూడు నిమిషాల్లోపు పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే అది మామూలు విషయం కాదు, ఈమెకి 24 పడింది. ఆరా తీస్తే తెలిసింది, పడ్డ తర్వాత చూపించుకున్న చోట నొప్పి వల్లో, భయం వల్లో బీపీ ఎక్కువ కనిపించి మందు డోసు పెంచారు, నిద్ర పట్టట్లేదంటే నిద్రమాత్ర రాశారు. ఆ రెండూ అలాగే సాగుతున్నాయి. మందులు మార్చడం నా పని కాదు, రెండు రీడింగులూ తేదీ వేసి కాగితం మీద రాసిచ్చి వాళ్ళ ఫిజీషియన్ దగ్గరికి పంపాను. ఆయన బీపీ మందు తగ్గించారు, నిద్రమాత్రని మెల్లగా మాన్పించారు, విటమిన్ డి తక్కువుంటే సాచెట్లు రాశారు. రెండు వారాల తర్వాత నిలబడితే పడే తేడా 10కి వచ్చింది. నిజం చెప్పాలంటే ఈ ఒక్కటి చూడకుండా వ్యాయామాలు మొదలుపెట్టి ఉంటే ఆమెని నేనే ఇంకోసారి పడేసేదాన్ని.

మోకాలా, తొడా

కొడుకుకి అర్థమయ్యేలా చెప్పడానికి కొంచెం టైమ్ పట్టింది, ఎందుకంటే ఎక్స్‌రే కంటికి కనిపిస్తుంది, కండ పోవడం ఎక్స్‌రేలో ఎవరూ చూపించరు. మోకాలు నొప్పిగానో వాపుగానో ఉంటే మెదడు తొడ కండరాన్ని పూర్తిగా పనిచెయ్యనివ్వదు. పనిలేక కండరం సన్నబడుతుంది. సన్నబడ్డాక నడిచినప్పుడు, మెట్లు దిగినప్పుడు కండరం మొయ్యాల్సిన బరువు కూడా కీలు మీద పడుతుంది, నొప్పి ఇంకా పెరుగుతుంది, మనిషి ఇంకా కూర్చుండిపోతుంది. ఎక్కడో ఒకచోట దీన్ని తెంపాలి కదా. అరిగిన కీలుని వెనక్కి తేలేం, ఆపరేషన్ దాకా ఇంకా రాలేదు. చేతిలో ఉన్నది తొడ ఒక్కటే.

ఆయన ఒక మంచి ప్రశ్న అడిగాడు. "ఈ వయసుల కండ పెరుగుతదా మేడమ్?" బోస్టన్‌లో మరియా ఫియాటరోన్ అనే డాక్టరు 1990లో చేసి చూపించిన పని గురించి చెప్పాను. వృద్ధాశ్రమంలో ఉన్న 90 ఏళ్ళు అటూ ఇటూగా ఉన్నవాళ్ళు పదిమందితో ఎనిమిది వారాలు బరువులు ఎత్తించింది. తేలికవి కాదు, వాళ్ళ శక్తికి తగ్గ గట్టి బరువులే. కాళ్ళ బలం సగటున 174 శాతం పెరిగింది. తొడ కండ పెరిగింది మాత్రం 9 శాతమే. ఈ రెండు అంకెల మధ్య తేడా చూడండి, మొదట్లో వచ్చే బలం చాలావరకు నరాలు ఆ కండరాన్ని మళ్ళీ సరిగ్గా వాడుకోవడం నేర్చుకోవడం వల్ల వస్తుంది. కాబట్టి కాలు లావెక్కలేదని దిగులు పడక్కర్లేదు.

నా తప్పు

ఇంత చెప్పిన నేనే మొదటి మూడు వారాలు చేయించిందేమిటంటే, కుర్చీలో కూర్చుని మోకాలు చాపడం, పాదాలు పైకీ కిందికీ ఆడించడం, పడుకుని కాలు ఎత్తడం. పదేసి సార్లు, మూడు విడతలు. బరువు లేదు. పడిపోయిన మనిషి, బీపీ తేడా, షుగర్ పాదాలు, నాకు భయం. మూడో వారం చివర మళ్ళీ టెస్ట్ పెడితే చేతుల్లేకుండా అదే సున్నా. చేతులతో 6.

ఎందుకు కదల్లేదా అని ఆ రోజు ఆమె వ్యాయామం చేస్తుంటే పక్కన కూర్చుని చూశాను. మోకాలు చాపుతూనే పక్కింటి పెళ్ళి కథ మొత్తం చెప్పింది, కట్నం ఎంత, పిల్లాడేం చేస్తాడు, భోజనాల్లో ఏం తక్కువైంది, ఒక్క దగ్గర కూడా ఊపిరి కోసం ఆగలేదు. అంతసేపు కబుర్లు చెప్పగలిగే పని కండరాన్ని ఎందుకు పెంచుతుంది? నేను ఆమెకి కసరత్తు పేరుతో కాలక్షేపం ఇచ్చాను, అంతే. మూడు వారాలు వాళ్ళ డబ్బులు, ఆమె ఓపిక వృథా చేశానని చెప్పి కొడుకు దగ్గర సారీ చెప్పాను. ఆయన "పర్వాలేదు మేడమ్" అన్నాడు గానీ మొహం చూస్తే పర్వాలేదన్నట్టు లేదు.

బొంతల పద్ధతి

నాలుగో వారం నుంచి మొత్తం మార్చాను. కుర్చీలోంచి చేతుల్లేకుండా లేవలేకపోతోంది కదా, మరి లేవగలిగే ఎత్తు ఏది? కుర్చీ మీద ఒక చెక్క పలక, దాని మీద ఇంట్లో ఉన్న పాత బొంతలు రెండు గట్టిగా మడిచి పెట్టాం. 21 అంగుళాలయింది. వెనక గోడ, ముందు నేను. చేతులు కట్టుకుని ముందుకి వంగి, "ముక్కు కాలి వేళ్ళ మీదికి రావాలి పెద్దమ్మా" అంటే, లేచింది. ఒక్క ఊపులో. తనే ఆశ్చర్యపోయి కోడలి వైపు చూసింది. ఆ ఎత్తులో 7 సార్లు లేచేసరికి తొడలు వణికాయి, పెళ్ళి కథ ఆగిపోయింది. "ఎంత కష్టంగా ఉంది, పదికి?" అంటే "ఏడు." అదీ నాకు కావాల్సింది. పదికి ఆరు ఏడు కష్టం అనిపించాలి, ఇంకో రెండు మూడుసార్లు చెయ్యగలను అన్నప్పుడు ఆగాలి.

లేవడం వేగంగా, కూర్చోవడం నిదానంగా, ఒకటి రెండు మూడు లెక్కపెట్టుకుంటూ. వేగం ఎందుకంటే వయసుతో బలం కంటే కూడా చురుకు ముందు పోతుంది, కాలు తడబడ్డప్పుడు రెండో కాలు టక్కున ముందుకేసి ఆపుకునేది ఆ చురుకే. నిదానంగా కూర్చోవడం ఎందుకంటే మెట్టు దిగడానికి కావాల్సింది సరిగ్గా అదే బలం, పైగా కుర్చీలో ధబేల్మని పడే అలవాటు పోతుంది. 7, 8 సార్లు తేలికైతే ఒక మడత తీసెయ్యడం. ఎత్తు తగ్గితే బరువు పెరిగినట్టే, డబ్బు ఖర్చు లేదు. వారం వారం బొంత పలచబడుతుంటే ఆమెకే కంటికి కనిపించేది, నా అంకెల కంటే అదే ఎక్కువ పనిచేసింది.

కాలికి కట్టే బరువులు కొనమంటే కోడలు నవ్వి, పాత జాకెట్ గుడ్డతో రెండు సంచులు కుట్టి ఇసుక పోసి, కిరాణా కొట్లో తూకం వేయించుకొచ్చింది, ఒక్కోటి సరిగ్గా అరకిలో. తర్వాత కిలో అయ్యాయి. అవి చీలమండకి కట్టుకుని మోకాలు చాపడం, వంటింటి గట్టు పట్టుకుని కాలు పక్కకి ఎత్తడం. అదే గట్టు పట్టుకుని మునివేళ్ళ మీద లేవడం. మెట్టు కోసం ముందు గడప, తర్వాత అరుగు మెట్టు, ఆ తర్వాత కిటికీ పక్కన సిమెంటు దిమ్మెలు పేర్చి 8 అంగుళాలు, పోనుపోను 12. ఊచ చేతికి అందుతుంది కాబట్టి భయం లేదు. ఇవన్నీ రోజూ కాదు, సోమ, బుధ, శుక్ర. నడక రోజూ. నేను మొదటి నెలన్నర వారానికి రెండుసార్లు, తర్వాత ఒక్కసారి వెళ్ళేదాన్ని, మిగతాది కోడలు చూసుకుంది.

మోకాలు నొప్పి సంగతేమిటని అడుగుతారు. చేసేటప్పుడు పదికి నాలుగు దాకా ఫర్వాలేదని, మర్నాడు పొద్దునకి పాత స్థాయికి రావాలని, వాపు కనిపిస్తే ఆ వారం ఎత్తు తగ్గించొద్దని చెప్పాను. ఒక్కసారే అలా వెనక్కి తగ్గాల్సి వచ్చింది.

ఇంట్లో రెండు అడ్డంకులు

మొదటిది ప్రేమ. ఆమె చెయ్యి కదిపేలోపు మంచినీళ్ళ గ్లాసు చేతికి వస్తుంది. మనవరాలు టీవీ రిమోట్ తెచ్చిస్తుంది. లేవాల్సిన పనే లేదు ఆ ఇంట్లో. రోజుకి ఎన్నిసార్లు లేస్తోందో కోడల్ని ఒకరోజు గీతలు పెట్టమంటే తొమ్మిది వచ్చాయి, అందులో ఆరు బాత్రూమ్‌కి. నీళ్ళు తనే తెచ్చుకోనివ్వమ్మా అంటే కోడలు ఇటూ అటూ చూసి మెల్లగా చెప్పింది, "మేడమ్, చుట్టుపక్కల వాళ్ళు ఏమంటరు? ముసలామెతోని పని చేయిస్తుందంటరు." ఇది నాకు తట్టని విషయం. వెంటనే నా లెటర్‌ప్యాడ్ మీద పెద్ద అక్షరాలతో "నీళ్ళు, టీ, పళ్ళెం తానే లేచి తెచ్చుకోవాలి, ఎవరూ అందించకూడదు, ఇది ట్రీట్‌మెంట్" అని రాసి స్టాంప్ వేసి సంతకం పెట్టి ఫ్రిజ్‌కి అంటించాను. వచ్చినవాళ్ళందరూ చదివారు. కోడలికి మాట పడే బాధ తప్పింది, పెద్దమ్మకి రోజుకి ముప్పై లేవడాలు వచ్చాయి.

రెండోది తిండి. పొద్దున రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం అన్నం చారు మజ్జిగ, రాత్రి ఒక చపాతీ లేదా మళ్ళీ అన్నం. ఆదివారం మటన్ వండితే పులుసు మాత్రమే పోసుకుంటుంది, కట్టుడు పళ్ళు సరిగ్గా కూర్చోవు. లెక్క వేస్తే రోజుకి ప్రొటీన్ 35 గ్రాములకి మించట్లేదు. పెద్ద వయసువాళ్ళకి కిలో బరువుకి 1 నుంచి 1.2 గ్రాములు అనేది ఇప్పుడు చాలామంది నిపుణులు చెప్పే మాట, అంటే ఈమెకి 54 నుంచి 65. కిడ్నీ రిపోర్టులు బాగానే ఉన్నాయి కాబట్టి అడ్డు లేదు. పౌడర్ డబ్బాలు రాయలేదు. పొద్దున రెండు గుడ్లు, అంటే 12 గ్రాములు. మధ్యాహ్నం చారుకి బదులు ముద్దపప్పు. సాయంత్రం టీ బిస్కెట్‌కి బదులు మెత్తగా ఉడికిన అలసంద గుడాలు. రాత్రి మజ్జిగ కాకుండా గట్టి పెరుగు, పడుకునేముందు గ్లాసు పాలు. శనివారం గుడ్డు ముట్టదు, ఆ రోజు పెసరట్టు. పళ్ళ డాక్టరు దగ్గరికి పంపించి కట్టుడు పళ్ళు సరిచేయించడం నిజానికి ఈ లిస్టులో మొదట ఉండాల్సింది, నేను ఆలస్యంగా గుర్తుపట్టాను.

జ్వరం

ఆరో వారానికి మామూలు 17 అంగుళాల కుర్చీ మీద చేతుల్లేకుండా 4 సార్లు లేచింది. ఆ వారమే వైరల్ జ్వరం, ఆరు రోజులు మంచం. తగ్గాక వెళ్ళి చూస్తే 1. ఏడ్చినంత పని చేసింది, "గిదంత ఎందుకు బిడ్డా నాకు, మల్ల మొదటికే వచ్చె" అని. 2007లో అమెరికాలో ఆరోగ్యంగా ఉన్న పెద్దవయసువాళ్ళని 12 మందిని పది రోజులు మంచం మీదే ఉంచి చూస్తే ఒక్కొక్కరి కాళ్ళలోంచి దాదాపు కిలో కండ పోయింది. అది ఏ జబ్బూ లేనివాళ్ళకి. జ్వరంతో, అన్నం సహించక పడుకున్న మనిషికి ఎంత పోతుందో ఊహించుకోవచ్చు. జూన్‌లో పడ్డాక పెట్టిన ఆ మూడు వారాల రెస్ట్ ఏం చేసి ఉంటుందో కొడుకుకి ఈ జ్వరంతో పూర్తిగా అర్థమైంది, మళ్ళీ నన్ను మసాజ్ గురించి అడగలేదు.

ఒక బొంత మళ్ళీ కుర్చీ మీదికి వచ్చింది. అయితే ఈసారి మొదటికి కాదు, పోయిన బలం పది పన్నెండు రోజుల్లో తిరిగొచ్చేసింది.

బతుకమ్మ, బస్సు

ఎంగిలిపూల నాడు, అంటే బతుకమ్మ మొదటిరోజు, కుర్చీలో కూర్చుని పాట మాత్రం పాడిందట. సద్దుల బతుకమ్మ రోజు, పదో వారంలో, రెండు చుట్లు ఆడి వచ్చి కూర్చుంది. వంగి చప్పట్లు కొట్టడం, పక్కకి అడుగు వెయ్యడం, మళ్ళీ లేవడం, గమనిస్తే మనవాళ్ళ ఆటలో నేను నేర్పిన వ్యాయామాలన్నీ ముందే ఉన్నాయి. మర్నాడు కుడి మోకాలు కొంచెం వాచింది. ఐస్ పెట్టమన్నాను, తిట్టలేదు.

పదకొండో వారం మధ్యాహ్నం, రద్దీ లేని టైమ్ చూసుకుని బస్టాండ్‌కి వెళ్ళాం. పల్లెవెలుగు బస్సు ఆగి ఉంటే ముందే నేను టేపు పెట్టి కొలిచాను, నేలనుంచి మొదటి మెట్టు 15 అంగుళాల పైచిలుకు. ఇంట్లో మేము చేసింది 12. ఆ తేడాకి భయపడ్డాను గానీ ఆమె ఎడమ కాలు, అంటే మంచి కాలు, మెట్టు మీద పెట్టి రెండు చేతులా రాడ్ పట్టుకుని ఎక్కేసింది. దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. అది కూడా అయింది. ఇంత తేలికా అనుకుని, సరే ఇప్పుడు నిజంగా వెళ్ళేటప్పటిలా సంచి పట్టుకుని ఎక్కు అన్నాను. చేతిసంచిలో చెల్లెలికి తీసుకెళ్ళే తొక్కు డబ్బా, ఒక చీర. రాడ్‌కి ఒక్క చెయ్యే మిగిలింది. కాలు మెట్టు మీద పెట్టింది, ఒళ్ళు పైకి లేవలేదు, వెనక నేను పట్టుకున్నాను. కండక్టర్ కిందికి దిగి "మెల్లగ ఎక్కు అవ్వా, ఇంకా టైమ్ ఉంది" అని సంచి తీసుకున్నాడు. పదకొండు వారాల్లో ఒక్కరోజు కూడా నాకు ఆ సంచి గుర్తు రాలేదు చూడండి. బస్సెక్కే ఏ ఆడమనిషి రెండు చేతులూ ఖాళీగా ఎక్కుతుంది?

ఆ తర్వాత వారం రోజులూ సంచితోనే ప్రాక్టీస్. భుజానికి అడ్డంగా వేసుకునే బ్యాగు ఒకటి కొనిపించాం, తొక్కు డబ్బా చిన్నదైంది. దిమ్మెలు 14 అంగుళాలకి పెంచాం.

పన్నెండో వారం చివర అంకెలు ఇవి. చేతుల్లేకుండా కుర్చీ లేవడం 9, అంటే ఇంకా 10 దాటలేదు. లేచి నడిచొచ్చి కూర్చోవడం 13.2 సెకన్లు, అదీ 12 లోపుకి రాలేదు. నడక వేగం 0.82. మడమకి వేలు తగిలించి నిలబడటం 9 సెకన్లు. చేతి పట్టు 15.5, అది పెద్దగా కదల్లేదు, నేను చేతులకి ఏమీ ఇవ్వలేదు కూడా. బరువు 55. మోకాలి నొప్పి 4 నుంచి 2. మళ్ళీ పడలేదు. నేల మీద కూర్చుని లేవడం మాత్రం ఇప్పటికీ మంచం పట్టె పట్టుకుంటే తప్ప రాదు, ముందు మోకాళ్ళ మీదికి, తర్వాత మంచం మీద చేతులు, తర్వాత ఒక పాదం, ఆ వరుస నేర్పాను. ఇంట్లో ఉన్న నేల టాయిలెట్ మీద కుర్చీ కమోడ్ పెట్టించి గోడకి స్టీలు రాడ్ బిగించారు. నవారు బిగించడానికి మనిషిని పిలవమని మొదటిరోజే చెప్తే, అది అయింది తొమ్మిదో వారంలో.

నవంబర్‌లో కొడుకు తోడు వెళ్ళి దింపి వచ్చాడు, డిసెంబర్‌లో ఆమె ఒంటరిగా వెళ్ళొచ్చింది. చెల్లెలింట్లో ఉన్న వారం రోజులూ ఇసుక సంచులు ఇక్కడే ఉండిపోయాయి. తర్వాత సంక్రాంతి, ఇంట్లో పెళ్ళి, మొత్తం మీద నెల రోజులు వ్యాయామం సరిగ్గా సాగలేదు. ఫిబ్రవరిలో టెస్ట్ పెడితే 9 కాస్తా 7 అయింది. తొక్కు డబ్బాలాగే ఇసుక సంచులు కూడా బ్యాగులో పెట్టుకోవాలని ఒప్పించి మళ్ళీ మొదలుపెట్టాం, ఈసారి కిలోన్నరతో, చేతులకి కూడా కలిపి. తర్వాతి టెస్ట్ ఏప్రిల్ మొదటి వారంలో.